అరికాళ్ల మ్యాపు అంత పాతది కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో రిఫ్లెక్సాలజీ మీద, అంటే అరికాళ్లు నొక్కి జబ్బులు తగ్గిస్తామనే పద్ధతి మీద, వచ్చిన వ్యాసం చదివాను. అరికాలిలో ఎక్కడ నొక్కితే ఏ అవయవానికి మంచిదో రంగుల బొమ్మ కూడా వేశారు. కానీ ఇదంతా అయిదువేల ఏళ్ల నాటి విద్య అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు అస్సలు నచ్చలేదు, ఎందుకంటే అలాంటి బొమ్మలు మొదలై ఇంచుమించు వందేళ్లే.

పాతదనానికి అందరూ చూపించే సాక్ష్యం ఈజిప్టులోది. సక్కారాలో అంఖ్‌మహోర్ అనే అధికారి సమాధి ఉంది, క్రీస్తుపూర్వం 2300 ప్రాంతానిది, దాని గోడ మీద కొందరు ఎదుటివాళ్ల చేతులు, పాదాలు పట్టుకుని ఏదో చేస్తున్నట్టు చెక్కారు. అది గోళ్లు తీయడం కావచ్చు, కాళ్లు పట్టడం కావచ్చు. పాదంలో ఫలానా చోట కాలేయం, ఫలానా చోట కిడ్నీ అనే మాట మాత్రం ఆ గోడ మీద లేదు. కాళ్లు పట్టించుకుంటే హాయిగా ఉంటుందని లోకమంతా ఎరుగును, మన ఇళ్లలో అరికాళ్లకు నూనె రాయడమూ ఉంది, కానీ దానికీ ఈ మ్యాపుకీ సంబంధం లేదు.

మ్యాపు అసలు కథ అమెరికాది. హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో విలియం ఫిట్జెరాల్డ్ అని చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఉండేవాడు. ఒంటిని తల నుంచి కాలి వేళ్ల దాకా నిలువుగా పది భాగాలు చేసి, ఒక భాగంలో ఒకచోట గట్టిగా నొక్కితే అదే భాగంలో ఇంకోచోట నొప్పి తగ్గుతుందన్నాడు. అందుకోసం వేళ్లకు రబ్బరు బ్యాండ్లు చుట్టించేవాడు, బట్టల క్లిప్పులు పెట్టించేవాడు. 1917లో ఎడ్విన్ బోవర్స్‌తో కలిసి ‘జోన్ థెరపీ’ పేరుతో పుస్తకం కూడా వేశాడు. ఆ పద్ధతిని జో షెల్బీ రైలీ అనే ఇంకో డాక్టరు అందుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన ఫిజియోథెరపిస్టు యూనిస్ ఇంగమ్.

నేనూ ఫిజియోథెరపిస్టునే, అందుకే ఈమె పేరు మీ వ్యాసంలో లేకపోవడం నాకు బాధ అనిపించింది. దృష్టంతా పాదాల మీద పెట్టి, ఒక్కో చోటా బొటనవేలితో నొక్కి చూసి, మనిషి ఒళ్లంతటికీ అరికాళ్లలో లెక్క కట్టింది ఆవిడే. 1938లో పుస్తకం రాసింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి నేర్పింది. ఒక ఆడమనిషి జీవితమంతా పెట్టి చేసిన పనిని తీసుకెళ్లి పేరు లేని ప్రాచీనుల ఖాతాలో వేయడం అన్యాయం కాదా?

ఇంకో నష్టం కూడా ఉంది. వేల ఏళ్ల నాటిది అనగానే జనం ప్రశ్నలు వేయడం మానేస్తారు. ఇంగమ్ చెప్పినది అంటే, ఆవిడ చెప్పింది నిజమా అని పరీక్షించవచ్చు. పరీక్షించారు కూడా. ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ అనే వైద్య పరిశోధకుడు 2009లో 18 ప్రయోగాలను కలిపి చూసి, ఏ జబ్బుకైనా ఇది పనిచేస్తుందని నమ్మదగ్గ రుజువు లేదన్నారు. ఆస్ట్రేలియాలో 2019 ఏప్రిల్ నుంచి ప్రైవేటు ఆరోగ్య బీమాలో దీనికిచ్చే డబ్బు ఆపేశారు. టెన్షన్ తగ్గడం, ఒళ్లు తేలికపడటం వేరే విషయం, దానికోసం ఎవరైనా వెళితే నేను వద్దనను, వెళ్లమనే చెబుతాను. షుగర్‌కీ, కిడ్నీ రాళ్లకీ ఇది మందు అని మీ వ్యాసంలో రాయడమే తప్పు.

షుగర్ మాట వచ్చింది కాబట్టి ఇదీ రాస్తున్నాను. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి అరికాళ్లలో స్పర్శ తగ్గిపోతుంది. గట్టిగా నొక్కినా, పుల్లతో పొడిచినా, పార్కులో గులకరాళ్ల బాట మీద వట్టి కాళ్లతో నడిచినా చర్మం చిట్లిన సంగతి వాళ్లకు తెలియదు, పుండు పడి ముదిరాక డాక్టరు దగ్గరికి వస్తారు. మీ వ్యాసం షుగర్ పేషెంట్లను రోజూ పుల్లతో నొక్కుకోమంది. దయచేసి వచ్చే ఆదివారమే దానికి సవరణ వేయండి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు, కాకినాడ