ఎంపీ గారి ఆవు, నీ పన్ను డబ్బు

విజయనగరం

ఒరేయ్ ఫాదరూ,

చర్చిలో పూజకు గంట కొట్టే రోజుల్లో నీకు అంటగట్టిన పేరు, మనుమలు పుట్టాక కూడా నా నోటిని వదలడం లేదు. ఏమీ అనుకోకు.

నీ ఉత్తరంలో సగం మా ఎంపీ గారి ఆవే. బెంగళూరులో మీ అపార్ట్‌మెంట్ వాళ్ళంతా నవ్వుకున్నారని రాశావు. మేమూ నవ్వుకున్నాం, కాకపోతే కాస్త గొంతు తగ్గించి. 2025 మార్చిలో, మహిళా దినోత్సవం సందర్భంగా, కలిశెట్టి అప్పలనాయుడు గారు మూడో బిడ్డ ఆడపిల్ల అయితే 50 వేల రూపాయలు, మగపిల్లవాడైతే ఆవు ఇస్తానన్నారు. అదీ తన జీతంలోంచే. పేపర్లో ఆ ముక్క చదివి వినిపిస్తే మా ఆవిడ “ఆ ఆవుకు గడ్డి ఎవరు వేస్తారట?” అని అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అయ్యకోనేరు గట్టు మీద మా సాయంకాలపు సభలో ఎన్ని వాదనలు విన్నానో! ఒక్కటీ ఆ ప్రశ్నకు సాటి రాలేదు.

ఆయన జీతం, ఆయన ఇష్టం. నీ గొడవ దాని గురించి కాదని తెలుసు. “పిల్లలు పుట్టకుండా ఆపడం తప్పని నా మతం చెబుతుంటే, ఆ పనికి నా పన్ను డబ్బు ఎందుకు వాడాలి?” అని అడిగావు. ఆ ప్రశ్నను పక్కకు నెట్టను. కానీ ముందు మన ప్రభుత్వం వేసిన పిల్లిమొగ్గలు చూడు.

మనం నిక్కర్లు వేసుకున్న కాలంలో ఏ గోడ చూసినా ఎర్ర త్రికోణం, “ఇద్దరు ముద్దు, ఆపై వద్దు”. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. సర్పంచి పదవి కోసం మూడో పిల్లను బావమరిది బిడ్డగా రాయించిన మహానుభావుణ్ణి నేను ఎరుగుదును. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి గారు ఇద్దరికి మించి ఉన్నవారికే పోటీ చేసే అర్హత ఇచ్చే చట్టం గురించి ఆలోచిస్తున్నామన్నారు. నవంబరులో పాత నిబంధన రద్దయింది. ఆ బావమరిది ఇప్పుడు పిల్లను తిరిగి ఇచ్చేయాలా అని గట్టు మీద ఒకాయన అడిగాడు!

కారణం లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. దానికి తోడు రాష్ట్రాల మధ్య లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1971 జనాభా లెక్కలకు కట్టి ఉంచిన ముడి ఎప్పుడు విప్పినా, చెప్పిన మాట విని పిల్లల్ని తగ్గించుకున్న దక్షిణాదికే నష్టమని భయం. భయం నిజమైనదే. అయినా ఢిల్లీలో సీటు కోసం ఎవరైనా పిల్లల్ని కంటారా, చెప్పు?

ఇక మతం సంగతి. 1968లో ఆరవ పౌలు పోపు కృత్రిమ పద్ధతులు కూడవన్నారు, గర్భం నిలవని రోజులు చూసుకోవడం వరకు ఒప్పుకున్నారు. నువ్వు దానికి కట్టుబడి ఉంటావు, మంచిది. మా పెళ్ళి మంత్రాల్లో పదిమంది కొడుకులు పుట్టాలని, మొగుడు పదకొండోవాడు కావాలని ఋగ్వేదం మాట ఒకటి ఉంది. మా పెళ్ళిలో పురోహితుడు దాన్ని కంచుకంఠంతో చదివాడు, మేము ఇద్దరితో ఆపాం, దేవుడు ఏమీ అనలేదు. 2024 డిసెంబరులో నాగపూర్‌లో ఆర్ఎస్ఎస్ అధినేత మోహన్ భాగవత్ గారు స్త్రీకి పిల్లల సగటు 2.1 కంటే తగ్గకూడదు, కాబట్టి ముగ్గురు కావాలన్నారు. ముస్లింలకు పిల్లలు ఎక్కువని గట్టు మీద రోజూ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. అవే సర్వేల్లో 1992-93లో ముస్లిం స్త్రీకి సగటు 4.4, 2019-21లో 2.4, హిందూ స్త్రీకి అప్పుడు 3.3, తర్వాత 1.9. ఎవరి గ్రంథం ఏం చెప్పినా, ఆడవాళ్ళు ఎవరి లెక్క వాళ్ళే వేసుకుంటున్నారు.

ఇద్దరు పిల్లల నిబంధన మత స్వేచ్ఛకు విరుద్ధమని హర్యానా నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసులో 2003లో తీర్పు వచ్చింది: మతం అనుమతించిందంటే చేసి తీరాలని శాసించినట్టు కాదు. ఆ తర్కం నాకు నచ్చింది. నిబంధనను నిలబెట్టడం మాత్రం నచ్చలేదు. మన పల్లెల్లో మూడో కాన్పు వద్దని భర్తకూ అత్తకూ చెప్పి గెలిచే ఆడమనిషి ఎంతమంది? ఆమెనే సర్పంచి పదవికి పనికిరావనడం ఏం న్యాయం?

నీ పన్ను దగ్గరికి వస్తున్నాను. నువ్వు వద్దనుకున్న మందు ఇంకొకరికి అందకుండా చేసే హక్కు నీ పన్ను నీకు ఇవ్వదు. నా పన్నుతో నాకు నచ్చనివి ఎన్ని జరగడం లేదు! కానీ నీ మాటలో ఒక నిజం ఉంది, దాన్ని నువ్వే సరిగా పట్టుకోలేదు. తప్పు డబ్బు ఖర్చుపెట్టడంలో లేదు, ఆ డబ్బుతో మనిషిని ఎటో ఒక వైపు తోయడంలో ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77లో, దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఉత్తరాదిలో పంతుళ్ళ జీతాలకు వాళ్ళు తెచ్చిన ఆపరేషన్ కేసుల లెక్క ముడిపెట్టారు. నేనూ పంతులునే కాబట్టి ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 2014లో బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో 83 మందికి ఆపరేషన్ చేశారు, ఆ ఘటనలో పదిమందికి పైగా తల్లులు పోయారు. ఆ శిబిరాల పద్ధతి మూడేళ్ళలో ఆపాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అదే 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆడవాళ్ళకు చేసే ఆపరేషన్, చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళకు చేసే ఆపరేషన్, వేసెక్టమీ, చేయించుకున్న మగవాళ్ళు 0.4 శాతం. వేసెక్టమీ చిన్న పని, కోత కూడా లేకుండా చేస్తారు. అయినా మా ఆరోగ్య కార్యకర్త, ఏఎన్ఎం అమ్మాయి, ఇల్లిల్లూ తిరిగి చెబితే మగవాళ్ళు నవ్వి పక్క వీధిలోకి జారుకుంటారట. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం కోసం కాపర్-టీ, అంతర ఇంజెక్షను, ఛాయ మాత్రలు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. అడిగేవాళ్ళు తక్కువ, కూర్చోబెట్టి వివరించేవాళ్ళు ఇంకా తక్కువ. ఆపరేషన్ ఒక్కటే కుటుంబ నియంత్రణ అని మనవాళ్ళకు అలవాటు చేశాం కదా.

అందుకే ఆపరేషనుకు డబ్బు, మూడో కాన్పుకు డబ్బు, రెండూ నాకు ఒకే రకంగా కనిపిస్తాయి. పనికోసం విశాఖకో చెన్నైకో బయలుదేరే మన శ్రీకాకుళం కుటుంబం ముందు నోట్ల కట్ట పెట్టి “ఇష్టమేనా?” అని అడిగితే, అది అడగడమా? పుట్టాక చదువుకు ఇస్తామంటే ఒప్పుకుంటాను, అది బిడ్డకు చేరుతుంది. ఊళ్ళోని ఆరోగ్య సబ్‌సెంటరులో అన్ని పద్ధతులూ అందుబాటులో ఉండాలి, ఏది కావాలన్నా, ఏదీ వద్దన్నా ఆ ఆడమనిషే చెప్పాలి. మీ చర్చి వాళ్ళు సహజ పద్ధతి నేర్పిస్తామంటే ఆ గదిలోనే ఒక బల్ల వేయించమని నేనే అర్జీ రాస్తాను. మందుల బీరువాకు తాళం మాత్రం మీకు ఇవ్వరు.

మా పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకు ఈ ఏడైనా వస్తావా? చెల్లెమ్మను కూడా తీసుకురా, పై గది ఖాళీగానే ఉంది. వచ్చేలోగా ఒక పని చెయ్యి. మీ ఫాదరు గారినీ, మీ అపార్ట్‌మెంట్‌లో నవ్విన పెద్దమనుషులనూ ఆ 0.4 శాతం గురించి అడిగి, ఎవరేమన్నారో పూస గుచ్చినట్టు రాయి. మా గట్టు సభలో అడిగితే అందరికీ ఒక్కసారిగా ఇంట్లో పని గుర్తొచ్చింది.

ఇట్లు
నీ పంతులు