రాజీలో ఏముందో కూడా చెప్పండి

నాయకులు పట్టువిడుపులు చూపకపోవడం వల్లే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చిందన్నట్టు మన సివిల్స్ గైడ్లు రాస్తున్నాయి. ఇది సగం నిజం కూడా కాదు. నేను క్లాసులో చూస్తున్న నోట్సుల్లో బానిసత్వంపై ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య కుదిరిన 1820 మిస్సోరి ఒప్పందం, 1850 ఒప్పందం, ఆపైన ‘1860-61 రాజీ యత్నాలు విఫలం’ అని ఒక్క ముక్కతో సరి. ఆ రాజీలో ఏముందని అడిగితే అభ్యర్థులు మొహాలు చూసుకుంటున్నారు. కెంటకీ సెనెటర్ క్రిటెండెన్ 1860 డిసెంబరులో పెట్టిన ఆరు రాజ్యాంగ సవరణల్లో ముఖ్యమైనవి చూడండి: 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశ గీతకు దక్షిణాన ఉన్న టెరిటరీల్లో (ఇంకా రాష్ట్రాలు కాని ప్రాంతాల్లో) బానిసత్వానికి రక్షణ, పారిపోయిన బానిసను జనం అడ్డుపడి దక్కనివ్వకపోతే యజమానికి పరిహారం, పైగా వీటిని ఇక ముందు ఎవరూ మార్చకూడదన్న షరతు! మాజీ అధ్యక్షుడు జాన్ టైలర్ నడిపిన వాషింగ్టన్ శాంతి సభా ఇంచుమించు ఇదే పాట పాడింది. అది మొదలైన 1861 ఫిబ్రవరి 4నే, అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు అలబామాలోని మాంట్‌గోమరీలో సొంత ప్రభుత్వం కోసం సమావేశమయ్యాయి. దాదాపు 40 లక్షల మంది బానిసల బతుకు మీద సాగిన ఈ బేరంలో వాళ్ల తరఫున కూర్చున్నవారు ఒక్కరూ లేరు. మీ విద్యా పేజీలో క్రిటెండెన్ ప్రతిపాదనలనూ, విడిపోవాలన్న తమ నిర్ణయానికి బానిసత్వమే మూలమని దాపరికం లేకుండా చెప్పుకున్న మిసిసిపీ రాష్ట్ర ప్రకటననూ తెలుగులో పక్కపక్కనే అచ్చు వేయండి. గైడ్ల ప్రచురణకర్తలు కూడా సంవత్సరాల బిట్లు కాస్త తగ్గించి, ఆ షరతులకు ఒక పేజీ కేటాయించాలి.

— ఒక చరిత్ర అధ్యాపకుడు, హనుమకొండ