మధురవాడ ఇంటి గోడ విప్పాక మార్చుకున్న పద్ధతి

నమస్కారం అండి. గోడలకు ఇన్సులేషన్ (వేడి లోపలికి రాకుండా ఆపే పొర) కోసం మా దగ్గరికి వస్తున్నవాళ్లకీ, ఇప్పటికే చేయించుకున్నవాళ్లకీ ఒక విషయం నేరుగా చెప్పాలి.

పోయిన సెప్టెంబరులో మధురవాడలో ఒక కొత్త ఇంటికి లోపలి వైపు గ్లాస్ వూల్ (గాజు పీచు దూది) పెట్టి, గది వైపు ఆవిరిని ఆపే అల్యూమినియం ఫాయిల్ వేసి, పైన జిప్సం బోర్డు కొట్టాం. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని ఇంటాయన తొందరపెట్టారు. ప్లాస్టరింగ్ అయ్యి మూడు వారాలే, బయట వానలు, గోడ ఆరలేదని నాకు తెలుస్తూనే ఉంది, అయినా ఒప్పుకున్నాను. ఏప్రిల్‌లో ఏసీ వేయడం మొదలయ్యాక బెడ్‌రూంలో ముక్కిపోయిన వాసన వస్తోందని ఇంటావిడ ఫోన్ చేశారు. విప్పి చూస్తే ఫాయిల్ వెనక నీళ్లు, దూది తడిసి కిందికి జారిపోయింది, బోర్డు అంచుల్లో నల్లగా బూజు. పసిపిల్ల పడుకునే గది అది. మొత్తం పీకేసి మా ఖర్చుతోనే మళ్లీ చేశాం, కానీ ఆ ఫోన్ వచ్చిన రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

జరిగింది ఇదీ. మన వైజాగ్‌లో వేసవిలో బయటి గాలే తేమగా ఉంటుంది, లోపల ఏసీ చల్లగా ఉంటుంది, కాబట్టి చెమ్మ బయట నుంచి లోపలికి నడుస్తుంది. దానికి తోడు గోడలోనే నీళ్లుంటే అవి చల్లటి ఫాయిల్ దగ్గర ఆగి బిందువులు కడతాయి. చలి దేశాల్లో ఆవిరిని ఆపే పొర గది వైపు వేస్తారు, వైజాగ్‌లో అది బయటి వైపు ఉండాలి.

అందుకే ఇకమీదట మా మొదటి సలహా బయటి వైపు పనే. 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ బోర్డు (గట్టి ఫోమ్ పలక), మీద మెష్, ఆపైన పూత. ఈ బోర్డు నీళ్లు పెద్దగా పీల్చదు, తొమ్మిదంగుళాల ఇటుక గోడ నుంచి వచ్చే వేడి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఖర్చు ఎక్కువే, కాదనను. కానీ నాలుగు గోడలకీ అక్కర్లేదు: సొంత ఇల్లయితే ముందు పైకప్పు స్లాబ్, తర్వాత పడమటి గోడ, డబ్బులు మిగిలితే తూర్పు. ఉత్తరం గోడకి చేయమన్నా నేను వద్దనే అంటాను.

ఇంకా గోడలే లేపని వాళ్లు అసలు మా దగ్గరికి రాకముందే మేస్త్రితో ఏఏసీ బ్లాకుల (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులు) గురించి మాట్లాడండి. ఎనిమిదంగుళాల బ్లాకు గోడ మామూలు ఇటుక గోడ పంపే వేడిలో సగం కూడా పంపదు. మాకు ఆర్డర్ పోతుంది, నిజమే, కానీ పడమటి వైపైనా వాటితో కట్టించుకుంటే మీకు మా పనే అవసరం రాకపోవచ్చు.

ఎప్పుడు పిలవాలంటే, ఎలివేషన్ పనికి (ఇంటి బయటి ముఖం తీర్చిదిద్దే పని) ముందు. టైల్సూ పెయింటూ అయ్యాక పిలిస్తే చేసినదంతా చెడగొట్టాలి. కిటికీ ఫ్రేముల లోతు కూడా ముందే చూసుకోవాలి, బోర్డు మందం వల్ల సన్‌షేడ్ దగ్గరా, కిటికీ అంచుల దగ్గరా సందు మిగిలితే వాన నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. లోపలే చేయించాల్సి వస్తే (అపార్ట్‌మెంట్లలో వేరే దారి ఉండదు) కరెంటు పైపులకి గాడి కొట్టడం అయిపోవాలి, గోడ పూర్తిగా ఆరాలి. ఆరిందో లేదో మీరే చూసుకోవచ్చు: అడుగు చదరం ప్లాస్టిక్ షీటుని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి, లోపల చెమ్మ కనిపిస్తే పని మొదలెట్టకూడదు. ముహూర్తం ఉన్నా సరే, ఈసారి నేను ఒప్పుకోను.

సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా బయటి గోడల పనులు తీసుకోవడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఎలా విరుచుకుపడిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, సగం అంటించిన బోర్డులతో తుపాను సీజన్‌లోకి వెళ్లే ధైర్యం నాకు లేదు. జనవరి నుంచి మే వరకు మంచి సమయం.

పోయిన వానాకాలంలో లోపలి పని చేయించుకున్న ప్రతి ఇంటికీ వచ్చి ఒక బోర్డు విప్పి చూస్తాం, డబ్బులేమీ అక్కర్లేదు. సోమవారం నుంచి మొదలు, ముందు పెందుర్తి వైపు ఇళ్లు, తర్వాత గాజువాక. అప్పటిలోగా వాసన గానీ, పెయింట్ ఉబ్బడం గానీ కనిపిస్తే మా కోసం ఆగకండి, వెంటనే ఫోన్ చేయండి, ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టకండి.