సేవా క్లబ్బులు తాము చేసిన పనిని మళ్లీ చూడాలి

మన జిల్లాలో సేవా క్లబ్బుల వారపు సమావేశాలు శాలువాలు, విందుల మధ్య అసలు పనిని మరచిపోతున్నాయి. 1905లో షికాగోలో పాల్ హారిస్ ప్రారంభించిన రోటరీ అయినా, 1917లో పుట్టిన లయన్స్ అయినా సభ్యుల స్నేహాన్ని సేవకు బలంగానే భావించాయి. వైద్యుడు, వ్యాపారి, ఉపాధ్యాయుడు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఏ ఊరికైనా మేలే. కానీ ఒంగోలులో నేను వెళ్లిన సమావేశాల్లో పరిచయాలకు, సన్మానాలకే సమయం సరిపోయింది. నిరుడు ఇచ్చిన సాయం ఇప్పుడెలా ఉందని అడిగినవారు లేరు. భూగర్భజలంలో ఫ్లోరైడ్‌తో పళ్లు గారపట్టి, కీళ్లు బిగుసుకుపోయి బాధపడే కనిగిరి ప్రాంతంలో, ఒక పల్లెకు ఓ క్లబ్బు ఇచ్చిన నీటిశుద్ధి యంత్రం, నీటిని వడగట్టే పొర (మెంబ్రేన్) మార్చేవారు లేక మూలపడింది. ప్రారంభోత్సవానికి వచ్చినవారు మళ్లీ రాలేదని అక్కడి ఆడవాళ్లు చెబుతుంటే చాలా బాధ కలిగింది. క్లబ్బులు నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలని రోటరీ 2016లోనే వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి నెలకొక సమావేశాన్ని హోటల్లో కాకుండా, తాము సాయం చేసిన ఊరి బడిలోనే జరపాలి. ఆ పూట విందు ఖర్చును యంత్రాల మరమ్మతుకు కేటాయించాలి. కళ్ల శిబిరాల్లో ఆపరేషన్ అయినవారిని తిరిగి పరీక్షించే బాధ్యతను సభ్యులకు పేరుపేరునా అప్పగించి, కొత్త అధ్యక్షుడు జులైలో బాధ్యతలు తీసుకునే ముందే పాత పనుల స్థితిని ఊరివాళ్ల ముందు చదివి వినిపించాలి.

– ఒక పాఠకుడు, ఒంగోలు