ఆ ఇంజెక్టర్లు మా షెడ్డులో బిగించం

నమస్కారమండీ. విజయవాడ ఆటోనగర్‌లో మా డీజిల్ పంపు షెడ్డుకి ఏళ్ల తరబడి బండ్లు తెస్తున్న మీ అందరికీ ఒక విషయం నేరుగా చెప్పాలి. దసరాలోపు ఇస్తామన్న మిత్సుబిషి మాంటెరోలు, టయోటా ప్రాడో, పాత ఫార్చ్యూనర్లు ఇంకా మా దగ్గరే నిలబడి ఉన్నాయి. ఫోన్ చేసినవాళ్లకి మా కుర్రాళ్లు "పార్టు ఆలస్యమైందండీ" అని చెప్పారు. వాళ్లకి తెలిసింది అంతే. పార్టు వచ్చింది. నేనే వెనక్కి పంపించేశాను. ఎందుకు పంపించానో, ఇకమీదట మా దగ్గర పని ఎలా జరగబోతోందో మీకు తెలియాలి.

ఈ బండ్ల ఇంజెక్టర్లు, అంటే సిలిండర్లలోకి డీజిల్ చల్లే పార్టులు, ఇన్నాళ్లూ ఢిల్లీలోని ఒక సప్లయర్ దగ్గర నుంచి తెప్పించేవాళ్లం. పేరు రాయను. మా నాన్నగారు లారీ పంపులు చేసే కాలం నుంచీ వాళ్లతో లావాదేవీ ఉంది. పంపు లోపలి ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు అన్నీ అక్కడి నుంచే వచ్చేవి. ఫోన్లో మాట చెబితే సరుకు రైల్లో దిగేది, డబ్బు తర్వాత పంపేవాళ్లం. కాగితం రాసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

కొత్త సెట్టు వస్తే డబ్బా విప్పగానే ముందు కోడ్ రాసుకోవడం మా పద్ధతి. ప్రాడోలోనూ పాత ఫార్చ్యూనర్‌లోనూ ఉన్నది ఒకటే 3.0 లీటర్ల ఇంజన్. దాని ఇంజెక్టర్ తల మీద చిన్న క్యూఆర్ గుర్తు, దాంతో పాటు 30 అక్షరాల కోడ్ ఉంటాయి. ఫ్యాక్టరీలో ఒక్కో ఇంజెక్టర్‌ను విడిగా పరీక్షించి, ఏ ఒత్తిడికి ఎంత డీజిల్ చల్లుతుందో కొలిచి ఆ కోడ్ వేస్తారు. బిగించాక స్కానర్‌తో ఆ కోడ్‌ని బండి కంప్యూటర్‌కి ఎక్కిస్తే, ఏ సిలిండర్‌కి ఎంత సేపు డీజిల్ వదలాలో అది సరిచేసుకుంటుంది. ఈసారి వచ్చిన సెట్టులో నాలుగు ఇంజెక్టర్లకీ ఒకటే కోడ్ ఉంది.

పెద్ద మేస్త్రి నా చేతికి భూతద్దం ఇచ్చాడు. పైన మెరుగు పెట్టారు కానీ నట్టు మూలల్లో పానా పట్టిన గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. టెస్ట్ బెంచ్‌కి ఎక్కిస్తే రిటర్న్ లైన్లోకి, అంటే మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగి వెళ్లే గొట్టంలోకి, పోయే డీజిల్ కొత్త ఇంజెక్టర్‌కి ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువగా ఉంది. అంటే లోపల వాల్వు అరిగిపోయింది. డబ్బా కొత్తది, సీలు కొత్తది, బిల్లు కొత్తదాని ధరకి. సరుకు మాత్రం ఏదో బండిలోంచి ఊడదీసింది.

సప్లయర్‌కి ఫోన్ చేశాను. ముందు ప్యాకింగ్‌లో పొరపాటు అన్నాడు. కోడ్ సంగతి చెప్పాక, ఢిల్లీ బండ్లవేనని, తక్కువ తిరిగినవేనని ఒప్పుకున్నాడు. అక్కడి సంగతి మీలో చాలామందికి తెలిసిందే. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే నిలబెట్టింది. అప్పటినుంచి మంచి మంచి ప్రాడోలు, పజేరోలు కొన్ని ఎన్‌ఓసీ తెచ్చుకుని మన వైపు వస్తున్నాయి, కొన్ని తుక్కుకి పోతున్నాయి. తుక్కుకి పోయినవాటి లోపలి సామాను ఇలా కొత్త డబ్బాల్లో తేలుతోంది.

అది కూడా సర్దుకునేవాణ్ణేమో. ఆ తర్వాత అతను అన్న మాట మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. "బిగించి ఇచ్చేయండి భాయ్, మీ కస్టమర్‌కి తేడా ఏం తెలుస్తుంది?" అన్నాడు.

మీకు తేడా తెలియదట. కైకలూరు వైపు చేపల చెరువు గట్ల మీద తెల్లవారుజామున పజేరో నడుపుతూ, ఇంజన్ చప్పుడు కొంచెం మారినా నాకు ఫోన్ చేసే రైతులు మీరు. శ్రీశైలం ఘాట్‌లో మూడో గేరులో లాగాల్సిన చోట రెండో గేరు పడిందని, మైలేజీ సగం కిలోమీటరు తగ్గిందని పుస్తకంలో రాసుకుని తెచ్చి చూపించేవాళ్లు మీరు. అతను ఆ మాట అన్నది మిమ్మల్ని, మమ్మల్ని కలిపి. మా నాన్నగారి పేరు గుర్తు చేసి మరీ చెప్పాను, ఇక మీతో వ్యాపారం లేదని.

అక్కడితో అయిపోలేదు. మర్నాడు అతనే మళ్లీ ఫోన్ చేసి, ఆ సెట్లన్నీ సగం ధరకి ఉంచుకోమన్నాడు, పాత బాకీ తర్వాత చూసుకుందామన్నాడు. ఒప్పుకోకపోతే ఈసారి ముందుగా ఇచ్చిన మా అడ్వాన్సు అక్కడే ఇరుక్కుంటుంది. ఇప్పటికీ ఇరుక్కునే ఉంది. షెడ్డులో బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి, పిల్లల పెళ్లి ప్రయాణాలకి బండి కావాలని అడిగేవాళ్లున్నారు. ఇంట్లో నిద్ర పట్టలేదు. రీకండిషన్ అనేది పాపమేమీ కాదు. కొత్త నాజిల్, కొత్త వాల్వు వేసి, బెంచ్ మీద రీడింగ్ తీసి, ఇది రీకండిషన్ అని చెప్పి అమ్మితే అది నిజాయితీ పనే. మేమూ చేస్తాం. మీకు ఉన్నదున్నట్టు చెప్పి, సగం ధరకే వీటిని బిగించి, బండ్లు బయటకి పంపేస్తే ఎలా ఉంటుందని చాలా ఆలోచించాను. మా తమ్ముడు అదే చేద్దామన్నాడు. వాడి లెక్క తప్పేమీ కాదు. నెల జీతాలు ఇవ్వాల్సింది వాడే.

కానీ ఆ ఇంజన్‌లో ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టాన్ని కామన్ రైల్ అంటారు. అందులో ఒత్తిడి 1,600 బార్లకి, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు అన్ని రెట్లకి పోతుంది. ఇంజెక్టర్ లోపల సూదికీ దాని గూటికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ సందు పెరిగినా, కొన చెదిరినా డీజిల్ మంచులా చల్లుకోవాల్సింది ధారగా పడుతుంది. ధార పడిన చోట పిస్టన్ నెత్తి కాలుతుంది, పగులుతుంది. మిగిలిన డీజిల్ గోడల వెంబడి జారి ఆయిల్‌లో కలుస్తుంది. కోడ్ కూడా అబద్ధమైతే కంప్యూటర్ ఆ తప్పుడు లెక్కనే నమ్మి ఇంకా ఎక్కువ వదలొచ్చు. మొదటి నెల బండి చక్కగానే నడుస్తుంది. అరకు ఘాట్‌లో కుటుంబంతో ఎక్కుతున్నప్పుడు తెల్లపొగ వచ్చి ఆగిపోతే అప్పుడు తెలుస్తుంది తేడా. ఇంజన్ విప్పి సిలిండర్లు బోరు కొట్టించాల్సి వచ్చాక అయ్యే ఖర్చులో ఇంజెక్టర్ల ధర ఏపాటిది? అందుకే తమ్ముడి మాట కాదని సెట్లన్నీ తిప్పి పంపాను. ఈ విషయంలో మా ఇంట్లో ఇంకా రెండు అభిప్రాయాలున్నాయి. నా అభిప్రాయం మారదు.

ఇంత తలనొప్పి ఎందుకు, డీజిల్ రోజులు అయిపోయాయి కదా, పెట్రోలు, హైబ్రిడ్ బండ్ల సర్వీసు పెట్టుకోమని మీలో కొందరే ప్రేమగా చెప్పారు. దానికీ జవాబు చెబుతాను.

ఒకప్పుడు డీజిల్ కొన్నది రేటు చూసి. 2012 ప్రాంతంలో పెట్రోలుకీ డీజిల్‌కీ లీటరు దగ్గర ముప్పై రూపాయల దాకా తేడా ఉండేది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వం పట్టు వదిలాక ఆ తేడా బాగా తగ్గిపోయింది. ధర కోసమే కొన్నవాళ్లు అప్పుడే వెళ్లిపోయారు. మా దగ్గర మిగిలినవాళ్లు ఇంజన్ కోసం ఉన్నవాళ్లు.

పెట్రోల్ ఇంజన్ గాలిని పదీ పదకొండు రెట్లు నొక్కితే, పాత పజేరో 2.8 ఇంజన్ 21 రెట్లు నొక్కుతుంది. ఆ నొక్కుడికి పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది, స్పార్క్ ప్లగ్గుతో పనిలేదు. అంత ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టే బ్లాకు, క్రాంకు, బేరింగులు అన్నీ బరువుగా చేస్తారు, అందుకే అవి అంత కాలం బతుకుతాయి. లీటరు డీజిల్‌లో శక్తి కూడా పెట్రోలు కంటే పది శాతం పైన ఎక్కువే. ఇక పుల్లింగ్. పాత ఫార్చ్యూనర్ 343 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, నిమిషానికి 1,400 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గరే చేతికిస్తుంది. 2023లో మన దేశానికి వచ్చిన ల్యాండ్ క్రూజర్ 300 అయితే 3.3 లీటర్ల వీ6 డీజిల్‌తో 1,600 దగ్గర 700 ఎన్‌ఎం ఇస్తుంది. రెండు కోట్లకి పైగా పెట్టి బయటి నుంచి తెప్పించుకునే బండికి కూడా ఇక్కడ డీజిలే పెట్టి అమ్మారంటే ఆలోచించండి. అలాంటి బండికి లీటరు ధర ఎవరూ చూడరు. నిండా మనుషులతో, సామానుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఇంజన్‌ని అరిపించకుండా తొక్కీ తొక్కనట్టు ఎక్కేసే ఆ నిదానం కోసమే దాన్ని కొంటారు. ఏనుగు నడకలా ఉంటుంది అది, తొందరేమీ ఉండదు కానీ ఆగదు.

పాత పజేరో మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది, దాచుకోను. మిత్సుబిషి సామాను జపాన్ నుంచి వస్తే చెన్నై దగ్గర తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బిగించి అమ్మిన బండి అది. పంపు పూర్తిగా మెకానికల్. ఒకసారి స్టార్ట్ అయ్యాక డీజిల్ దారి తెరిచి ఉంచే ఫ్యూయల్ సోలినాయిడ్‌కి వెళ్లే కాస్త కరెంటు తప్ప ఆ ఇంజన్‌కి ఇంకేమీ అక్కర్లేదు. ఆ పంపుకి నూనె కూడా డీజిలే. అందుకే ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు బయటికి వదిలెయ్యమని ప్రతిసారీ మీ వెంటపడతాను. ఆ బండిని నిలబెట్టడానికి కావలసినవి ఒక బెంచ్, ఒక డయల్ గేజ్, చేతిలో పని ఉన్న మేస్త్రి. మా దగ్గర ముగ్గురు మేస్త్రీలున్నారు, వాళ్లు ఎక్కడికీ వెళ్లరు.

డీజిల్ అందరికీ పనికొస్తుందని మాత్రం నేను చెప్పను. పొగలోని నుసి, నైట్రోజన్ ఆక్సైడ్లు నిజమైన సమస్యలు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్లకి నుసి పట్టే డీపీఎఫ్ వచ్చింది. బండి హైవే మీద వేడెక్కి బాగా తిరిగితేనే అది తనను తాను కాల్చి శుభ్రం చేసుకుంటుంది. బెంజ్ సర్కిల్ నుంచి పటమటకి పిల్లల్ని స్కూల్లో దించడమే మీ పనైతే కొత్త డీజిల్ బండి కొనకండి, దాన్ని నా దగ్గరకి తెచ్చి బాధపడకండి. వారం వారం హైదరాబాదో, ఏజెన్సీయో, చెరువులో, తోటలో తిరిగేవాళ్లకైతే ఇప్పటికీ ఇదే చెబుతాను. మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు పికప్‌లు ఆక్వా రైతుల దగ్గర ఎలా పనిచేస్తున్నాయో చూడండి.

కాబట్టి మా షెడ్డు డీజిల్ షెడ్డుగానే ఉంటుంది. మారేవి ఇవి. కామన్ రైల్ బండ్లకి ఇంజెక్టర్లు ఇకమీదట కంపెనీ అధికారిక డీలర్ల దగ్గరే తీసుకుంటాం. ధర ఎక్కువవుతుంది. ప్రాడో, ఫార్చ్యూనర్లకి వారం పది రోజుల్లో రావచ్చు. మాంటెరోకి బయటి దేశం నుంచి రావాలి, నెల దాటినా దాటొచ్చు, ఖచ్చితమైన తేదీ నేను ఇవ్వలేను. బిగించే ముందు కోడ్ మీ ఫోన్‌కి ఫొటో పంపుతాం, బెంచ్ రీడింగ్ కాగితం బిల్లుతో పాటు ఇస్తాం. మా లేబర్ పెంచడం లేదు. మెకానికల్ పంపు పనులన్నీ ఎప్పటిలాగే, ఎప్పటి ధరకే.

ఇదివరకు మా దగ్గర బిగించుకున్నవాటి గురించి అనుమానం రావడం సహజం. అందరి కోడ్‌లూ జాబ్ కార్డుల్లో రాసి ఉన్నాయి. అన్నీ తిరగేసి చూశాం. ఒక్కటీ రెండోసారి కనిపించలేదు, బెంచ్ రీడింగులు కూడా పక్కనే ఉన్నాయి. అయినా మీకు టెన్షన్ ఉంటే బండి తెచ్చుకోండి, రిటర్న్ టెస్ట్ ఉచితంగా చేస్తాం. మీ ఎదురుగానే చేస్తాం. ఢిల్లీ బండి కొనాలనుకునేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందే చూపించండి, మీటర్ మీది కిలోమీటర్లు నమ్మకండి.

ఇప్పుడు షెడ్డులో ఉన్న బండ్ల సంగతి. ఆగగలిగినవాళ్లకి, వచ్చిన వరుసలోనే పని మొదలవుతుంది. ఎవరి సిఫారసుతోనూ వరుస మారదు. ఆగలేనివాళ్లు మొహమాటపడొద్దు. మీ పాత ఇంజెక్టర్లు నాలుగూ కడిగి, రీడింగ్ కాగితంతో సహా తిరిగి బిగించి ఇస్తాం, అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాం, విప్పిన లేబర్ కూడా తీసుకోం. బయట వేరేచోట చేయించుకుంటే నాకు బాధ ఉంటుంది కానీ కోపం ఉండదు. ఆ ఢిల్లీ సెట్టే ఇంకెక్కడైనా తక్కువకి దొరికిందని తెచ్చి, "మీరే బిగించండి, బాధ్యత నాది" అని మాత్రం అనకండి. ఎంత దగ్గరివాళ్లైనా ఆ పని చేయను.