రెండు శాఖల నడుమ కోతి: అటవీ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయ ఉప ముఖ్యమంత్రి, పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, పర్యావరణ, అటవీ శాఖల మంత్రిగారికి,

నమస్కారాలు.

మీ పేరు పక్కన ఉన్న శాఖల వరుస చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి కొండల పక్కన సేద్యం చేసుకునేవాణ్ణి నేను. మా వైపు ఊళ్లలో కోతి ఎవరి బాధ్యత అన్నది ఎప్పటికీ తెగని తగవు. ఊళ్లోకి వచ్చింది కాబట్టి పంచాయతీదని కొందరు, అడవి జంతువు కాబట్టి అటవీ శాఖదని కొందరు అంటారు. కోతి మాత్రం పొద్దున చెరువు కట్ట మీద, మధ్యాహ్నం కంది చేలో, సాయంత్రం బడి పైకప్పు మీద ఉంటుంది. ఇప్పుడు ఆ రెండు శాఖలూ మీ ఒక్కరి సంతకం కిందే ఉన్నాయి. ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

ముందే ఒక మాట. కోతుల మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. కొండ పక్క పొలంలో వేరుశనగ వేయడం మానుకున్న రైతుల్లో నేనూ ఒకణ్ణి. విత్తిన గింజను మొలకెత్తకముందే తవ్వి తినే గుంపును కర్ర పట్టుకుని తరిమినవాణ్ణి. కాపలాకు మనిషిని పెట్టుకుంటే ఆ కూలి డబ్బులు పంట మీద తిరిగి రావు. కాబట్టి దీన్ని పట్నంలో కూర్చుని రాసిన జంతుప్రేమ కింద కట్టి పక్కన పెట్టకండి. మా వైపు తూర్పు కనుమలైన వెలిగొండల్లో కోతులకు చోటు మిగల్చమని అడుగుతున్నది నా చేను దక్కించుకోవడానికే.

ఊరు విసిగిపోతే ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. ఇంటింటికీ చందా వేస్తారు, లేదా పంచాయతీ సొమ్ములోంచి కొంత తీస్తారు. కోతులు పట్టేవాళ్లు బోన్లతో దిగుతారు. కోతికి ఇంత అని బేరం. బోనులో అరటిపళ్లు పెడితే పిల్లకోతులు, ఆకలి మీద ఉన్నవి ముందు చిక్కుతాయి. ఆరితేరినవి దూరంగా గోడ మీద కూర్చుని చూస్తుంటాయి. రాత్రికి బోన్లను వ్యానులో ఎక్కించి ఏ ఘాట్ రోడ్డు మలుపులోనో తలుపు తీస్తారు. ఆ కొండలో నీళ్లెక్కడున్నాయో, ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో వాటికి తెలియదు. అక్కడ పాతుకుపోయిన గుంపు వాటిని దగ్గరికి రానివ్వదు. రోడ్డు పట్టుకుని దిగి, మొదట కనబడిన ఊళ్లో చేరతాయి. మన ఇంటి చెత్త ఊడ్చి పక్కింటి గుమ్మంలో పోసి, ఇల్లు శుభ్రమైందనుకోవడమే ఇది. నెల్లూరు జిల్లా కోతి ప్రకాశం జిల్లాకు, ప్రకాశం జిల్లా కోతి నల్లమలకు, అక్కడిది ఇంకెక్కడికో. డబ్బు ఖర్చవుతూనే ఉంటుంది. ఏ ఊరి కోతిని ఎక్కడ వదిలారో రాసి పెట్టే పుస్తకం ఏ పంచాయతీలోనూ నా కంటపడలేదు.

పోనీ, పట్టుకెళ్లిన ఊరైనా బాగుపడుతుందా అంటే అదీ లేదు. ఈ జాతిలో ఆడకోతులు పుట్టిన గుంపులోనే బతుకంతా గడుపుతాయి, మగవి ఎదిగాక గుంపు మారతాయి. కొన్నింటిని ఎత్తుకుపోతే గుంపు చెదురుతుంది గానీ, తిండి దొరికే చోటు ఖాళీగా ఉండదు. పక్క గుంపు వచ్చి ఆక్రమిస్తుంది, లేదా మిగిలినవే మళ్లీ పెరుగుతాయి. కోతులను బెదిరించడానికి కొండముచ్చును తెచ్చి గొలుసుతో కట్టేసే ఊళ్లున్నాయి. అది చట్టం ప్రకారం నేరం. కొండముచ్చు బొమ్మతో ఫ్లెక్సీలు కట్టిన ఊళ్లూ ఉన్నాయి. అది నేరం కాదు, దానివల్ల ఉపయోగమూ లేదు. ఆ ఫ్లెక్సీని చింపి ఆడుకుంటున్న కోతులను నేను చూశాను.

మీ అధికారులు పంచాయతీలకు తప్పక చెప్పవలసిన సంగతి ఒకటుంది. మన కోతీ ఉత్తరాది కోతీ ఒకటి కాదు. మనది దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నడినెత్తిన పాపిడి తీసి దువ్వినట్టు వెంట్రుకలు, ఒంటికి దీటైన పొడవు తోక దాని గుర్తులు. ఉత్తరాది కోతి తోక పొట్టి, వెనుక భాగం ఎర్రటి ఛాయ. అది ఏళ్ల తరబడి దక్షిణానికి జరుగుతూ మన కోతి చోటును ఆక్రమిస్తోందని పరిశోధకులు చెబుతున్నారు. మనుషులు వ్యాన్లలో మోసుకొచ్చి వదలడం దానికి ఇంకొంత దారి వేస్తోంది. మైసూరు ప్రాంతంలో ఇరవై అయిదేళ్ల లెక్కలను పోల్చిన అధ్యయనం 2017లో వెలువడింది. అక్కడ మన జాతి కోతులు 65 శాతానికి పైగా తగ్గాయని తేలింది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2020లో ఈ కోతిని ముప్పు ఉన్న జాతుల జాబితాలో పెట్టింది. ఊళ్లో వందలుగా తిరిగే జంతువు తగ్గిపోతోందంటే నమ్మడం కష్టమే. కొండలో ఉండవలసినవన్నీ ఊళ్లోకి దిగితే, ఊరికి అవి ఎక్కువగానే కనబడతాయి మరి.

2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం మన కోతిని మొదటి షెడ్యూలులో, అంటే పులి ఉన్న జాబితాలో పెట్టింది. ఉత్తరాది కోతిని అదే సవరణ జాబితాల్లోంచి తీసేసింది. బోను పెట్టేవాడికి ఈ తేడా తెలియదు, చందా ఇచ్చిన ఊరికీ తెలియదు, తీర్మానం రాసిన సర్పంచికీ తెలియదు. చట్టం దృష్టిలో పట్టడం కూడా వేటే. ఊరికి మేలు చేస్తున్నామనుకుని పులి జాబితాలోని జంతువును బోనులో పెడుతున్నారు. మీ ఒక శాఖ ఖర్చు పెట్టి చేయించేది, మీ రెండో శాఖ కేసు పెట్టవలసిన పని అవుతోంది.

ఇక అవి కొండ ఎందుకు దిగాయన్న మాట. పాతతరం వాళ్లను అడిగితే వేళ్లు మడిచి చెబుతారు: మేడి, జువ్వి, మర్రి, నేరేడు, పాల, మొర్రి, తునికి, వెలగ, కలివి, రేగు. ఒకటి అయిపోయాక ఇంకొకటి కాసేది. అందులో మేడి, జువ్వి, మర్రి జాతి మరీ ముఖ్యం. ఒక చెట్టు ఈ నెల కాస్తే పక్క చెట్టు ఇంకో నెల కాస్తుంది. మరే పండూ లేని రోజుల్లో పిట్టకు, కోతికి అదే ఆధారం. రోడ్లు వెడల్పు చేసినప్పుడు పోయినవి ముందుగా ఈ మర్రులు, చింతలే. వేసవిలో కొండకు అంటుకునే నిప్పు చిన్న మొక్కను బతకనివ్వదు. కింద చూస్తే జామాయిల్, సరుగుడు. వాటి మీద కోతి తినడానికి ఏముంది? ఎర్రచందనం మొద్దు పోతే వెతకడానికి దళాలున్నాయి. మేడిచెట్టు పోతే అడిగే దిక్కు లేదు.

రెండో కారణం మన భక్తి. పెంచలకోనకో భైరవకోనకో వెళ్లండి, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డులో వెళ్లండి. కారు అద్దం దించి అరటిపండు, బిస్కెట్టు అందించేవాళ్లు కనబడతారు. ఆంజనేయుడికి పెట్టినట్టేనని వాళ్ల నమ్మకం. ఆ కోతి రోడ్డు మీద కూర్చోవడం నేర్చుకుంటుంది, చక్రాల కింద పడుతుంది. పడనిది చేతిసంచి లాక్కోవడం నేర్చుకుంటుంది. శని, ఆదివారాల్లో పళ్లు పెట్టిన భక్తుడు సోమవారానికి ఇంట్లో ఉంటాడు. సోమవారం నాటి కోతి ఆకలి మాత్రం మా చేలో తీరుతుంది.

కోతి సంగతైనా ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. ఈ తూర్పు కనుమల్లో ఫిర్యాదు చేసేవాడు కూడా లేని ప్రాణి ఇంకొకటుంది: దేవాంగపిల్లి. పేరుకు పిల్లే గానీ కోతుల వంశానిది. తూకం పావుకిలో అటూ ఇటూ. తోక లేదు, ముఖమంతా కళ్లే. పగలంతా ముళ్ల పొదల చిక్కులో ఉండచుట్టుకుని నిద్రపోతుంది, రాత్రి కొమ్మ కొమ్మా పట్టుకుని నడుస్తూ పురుగులు తింటుంది. చీమలు, పేడపురుగులు, మిడతలు దాని భోజనం. రైతుకు దానివల్ల నష్టం లేకపోగా మేలే. అది కోతిలా దూకలేదు. రెండు చెట్ల కొమ్మలు తగులుతుంటేనే దాటగలదు. మధ్యలో ఖాళీ వస్తే నేల దిగాలి. నేల మీద కుక్కలు, వాహనాలు. పైన కరెంటు తీగ. వీటన్నిటినీ తప్పించుకున్నా, దాని కళ్లతో మందు చేస్తారని, క్షుద్రపూజకు పనికొస్తుందని పట్టుకుని అమ్మేవాళ్లున్నారు. చూసినవాళ్లు కొందరు అపశకునమని రాళ్లేస్తారు.

శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం ఉన్నందువల్ల అక్కడి అడవి మిగిలింది, ఆ అడవిలో దేవాంగపిల్లి మిగిలింది. ఆ ద్వీపం ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. మరి వెలిగొండల అంచున ఉదయగిరి నుంచి సోమశిల దాకా ఉన్న ముళ్లడవి మాటేమిటి? దస్త్రాల్లో అది చాలాచోట్ల బంజరు. సోలార్ ఫలకాలు పరచడానికో ఫ్యాక్టరీ కట్టడానికో పొక్లెయినుతో ఒక్క వారంలో చదును చేసేయవచ్చు. చదును చేయకముందు రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని ఆ పొదల్లో ఎర్రగా మెరిసే కళ్లున్నాయేమో చూసే పద్ధతి ఒకటి ఉండాలి కదా.

ఈ పనికి కొత్తగా ఏదీ కనిపెట్టనక్కరలేదు. పక్క రాష్ట్రాల్లో తెలిసినవాళ్లున్నారు. తమిళనాడు 2022 అక్టోబరులో కరూర్, దిండిగల్ జిల్లాల మధ్య కడవూర్ కొండల్లో 11,806 హెక్టార్లను దేవాంగపిల్లి అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో దానికోసమే ఏర్పడిన మొదటి అభయారణ్యం అది. అక్కడి అడవి కూడా మన ఉదయగిరి లాంటి పొడి కొండ, ముళ్లతుప్పే. ప్రభుత్వ ప్రకటనకు ఎంతో ముందు నుంచి సీడ్స్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడి ఊళ్లలో తిరిగి రైతులతో మాట్లాడుతూ వచ్చింది. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర, ప్రకృతి చరిత్ర కేంద్రం శాస్త్రవేత్తలకు ఈ జంతువుల లెక్కింపులో ఏళ్ల అనుభవం ఉంది. తమిళనాడులోనే వాల్పారై తేయాకు తోటల్లో, మైసూరు కేంద్రంగా ఉన్న నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి, సింహపు తోక కోతులు రోడ్డు దాటడానికి పాత ఫైరింజన్ గొట్టాలతో చెట్టుకూ చెట్టుకూ మధ్య వంతెనలు కట్టాయి. రోడ్డు మీద మనుషులను నిలబెట్టి వాహనాలను నిదానంగా పోనిస్తున్నాయి. ఖరీదైన పని కాదది. హైదరాబాదులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, వన్యప్రాణుల మీద పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల ఉంది. ఏ కొండలో ఏ జాతి కోతి ఉందో పెంటికలను పరీక్షించి చెప్పగల నైపుణ్యం దానికుంది. తెలంగాణ 2020 డిసెంబరులో నిర్మల్‌లో కోతుల పునరావాస కేంద్రం తెరిచి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టింది. అదొక్కటే చాలదని నా అభిప్రాయం. అయినా, బోనులోంచి నేరుగా ఘాట్ రోడ్డు మీద వదలడం కంటే నయమే.

దూరదేశపు సంగతి ఒకటి చెబుతాను. రువాండా, ఉగాండా, కాంగో సరిహద్దు కొండల్లోని గొరిల్లాలు 2018 నాటికి వెయ్యి దాటాయి. అంతరించే అంచున ఉన్న జాతుల జాబితా నుంచి వాటిని ఒక మెట్టు దించారు. దాని వెనుక దశాబ్దాలుగా పనిచేసిన సంస్థలున్నాయి, పశువైద్యులున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్న గార్డులున్నారు. రువాండాలో పర్యాటకుల టికెట్టు సొమ్ములో కొంత చుట్టుపక్కల ఊళ్లకే ఇస్తారు. నాకు నచ్చింది అదే. అడవి పక్కన బతికే రైతుకు అడవి వల్ల రూపాయి వస్తే, అతణ్ణి ఎవరూ బతిమాలుకోనక్కరలేదు.

ఏనుగుల కోసం మీరు కర్ణాటకతో ఒప్పందం చేసుకుని కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులను తెప్పించారు. అదే చొరవ కోతుల విషయంలోనూ చూపండి. వెలిగొండల్లో, శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యంలో ఈ సంస్థల సాయంతో ఒక రాత్రి సర్వే చేయించండి. దేవాంగపిల్లి ఎక్కడుందో తేలేదాకా ఆ ముళ్లడవిని ఎవరికీ రాసివ్వకండి. పంచాయతీలు సొంతంగా కోతులను పట్టించడం ఆపించి, ప్రతి బోనుకూ అటవీ అధికారి అనుమతి, ఎక్కడ పట్టి ఎక్కడ వదిలారన్న నమోదు తప్పనిసరి చేయండి. దేవాదాయ శాఖ మీది కాదు, అయినా ఆ మంత్రిగారు మీ పక్క కుర్చీలోనే కూర్చుంటారు. గుడి దగ్గర కోతులకు తిండి పెట్టవద్దన్న బోర్డు ఒక్కటే కాదు, చెప్పే మనిషిని కూడా పెట్టించండి. కోతులు పాడుచేసిన పంటకు పరిహారం మండల కార్యాలయంలోనే తేలేలా చూడండి. తిరగలేకే చాలామంది అడగడం మానేశారు.

చెట్ల సంగతి ఇంకా సులువు. గ్రామీణ ఉపాధి పనుల్లో ఏటా గుంతలు తవ్వుతూనే ఉన్నారు. ఆ గుంతల్లో మేడి, జువ్వి, నేరేడు, పాల మొక్కలు పెట్టించండి. అవి కొండ పాదంలో, పొలాలకు దూరంగా ఉండాలి. నాటిన రోజు ఫొటో దిగి వెళ్లిపోకుండా, మూడు వేసవులు నీళ్లు పోయడానికి కూడా పనిదినాలు లెక్కలో చూపాలి. మా ఊరి కొండ పక్క పోరంబోకులో ఆ మొక్కలకు కాపలా ఉండటానికి నేను, మరికొందరు రైతులం సిద్ధంగా ఉన్నాం. మొక్కలు అటవీ శాఖ నర్సరీ నుంచి రావాలి, పనిదినాలు గ్రామీణాభివృద్ధి శాఖ నుంచి రావాలి. రెండు ఉత్తర్వులకూ సంతకం మీదే.

ఇట్లు,
ఉదయగిరి కొండ పక్క రైతు,
నెల్లూరు జిల్లా