ఈ ఎండాకాలం కొత్త స్లైడ్ నడపడం లేదు

ఏటా మన వాటర్ పార్కుకు వచ్చేవాళ్లందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో కొత్త పెద్ద స్లైడ్ మొదలవుతుందని గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టాం. ఇప్పుడు దాన్ని దింపేశాం. డబ్బుల్లేక ఆపేశారని, పార్కే అమ్మేస్తున్నారని వాట్సాప్‌లో తిరుగుతోందట. రెండూ అబద్ధాలే.

స్లైడ్ ఫైబర్ ముక్కలు బయటి రాష్ట్రంలో చేయించాం. సంక్రాంతికి రావాల్సిన సరుకు హోలీ దాటాక దిగింది. ఆలస్యమొక్కటే అయితే సర్దుకునేవాళ్లం. బిగించాక చూస్తే పెద్ద మలుపులో జాయింట్లు కలవలేదు. పై ముక్క అంచు ఒక పిసరు ఎత్తులో ఉన్నా మనిషి జారి దిగిపోతాడు. కింది ముక్క అంచు మాత్రం లేచి ఉండకూడదు. మాకు లేచింది అదే. పైనుంచి అరచెయ్యి ఆనించి నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చాను, జాయింటు దగ్గర గోరు తగులుకుని చెయ్యి ఆగింది. వేగంగా వచ్చే పిల్లాడి వీపు, మోచెయ్యి అక్కడ ఏమవుతాయి? పైగా మలుపులో మనిషి పక్క గోడ మీదికి ఎక్కుతాడు, ఒరిపిడంతా అక్కడే.

ముక్కలు చేసిచ్చినాయనకు ఫోన్ చేస్తే, "గ్రైండర్ పెట్టి లెవల్ చేయించండి సార్, మీద సీలెంట్ కొట్టండి, అందరూ చేసేదే" అన్నాడాయన. అందరూ చేస్తారేమో, నేను చేయను. ఫైబర్ మీద నున్నగా మెరిసే పొరను జెల్‌కోట్ అంటారు. దాన్ని అరగదీస్తే లోపలి గాజు పోగులు బయటపడి ఒంటికి గుచ్చుకుంటాయి. నీళ్లు లోపలికి దిగి ముక్కే పాడవుతుంది. ఇదంతా చెబితే, "చిన్న పార్కుకు ఇంత పట్టింపు ఎందుకు సార్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. చిన్న పార్కుకు వచ్చే పిల్లలకు దెబ్బ తగలదా?

ఏప్రిల్, మే నెలల రాబడితోనే మాకు ఏడాదంతా గడవాలి. అందుకే చాలా టెన్షన్ పడ్డాను, రాత్రుళ్లు నిద్ర లేదు. పిల్లల్ని ఆపి పెద్దవాళ్లను మాత్రమే పంపుదామని మా ఇంట్లోనే అన్నారు. కొన్నాళ్లు నేనూ అటే మొగ్గాను. వద్దనుకోవడానికి కారణం అమెరికాలోని కాన్సాస్ సిటీలో జరిగిన సంగతి. అక్కడ 2014లో వెర్రుక్ట్ అనే నీటి స్లైడ్ తెరిచారు. ఎత్తు 168 అడుగులు, అప్పట్లో ప్రపంచంలోనే ఎత్తైనది. ఎంతోమంది సంతోషంగా దిగారు. 2016లో పదేళ్ల బాబు దాని మీద ప్రాణం పోగొట్టుకున్నాడు. తర్వాత దాన్ని కూల్చేశారు. మాది అందులో ఎన్నో వంతు కూడా ఉండదు, నిజమే. కానీ జనం దిగుతున్నారు కదా అని స్లైడ్ బాగున్నట్టు కాదు.

అదే 2016లో హైదరాబాద్ దగ్గర రావిర్యాలలో వండర్లా అనే పెద్ద పార్కు తెరిచినప్పుడు మా పని అయిపోయిందని మొహం మీదే అన్నవాళ్లున్నారు. వాళ్లతో ఎత్తులో పోటీ పడాలని నేనెప్పుడూ అనుకోలేదు. నీళ్ల శుభ్రంలో, పూల్ దగ్గర గార్డుల చూపులో మాత్రం ఎవరికీ తీసిపోం.

వేవ్ పూల్, రెయిన్ డ్యాన్స్, పాత స్లైడ్లు ఎప్పటిలాగే నడుస్తాయి. క్లోరిన్, పీహెచ్ కొలతలు రోజూ బోర్డు మీద రాస్తాం, పీహెచ్ 7.2కు 7.8కు మధ్య లేకపోతే ఆ పూట పూల్‌లోకి ఎవరినీ దింపం. టికెట్ పాత రేటే.

సరుకు తిప్పి పంపించాం, మా అడ్వాన్స్ ఇంకా రాలేదు. ముక్కలు ఇంకోచోట చేయిస్తున్నాం. వాళ్లు తేదీ చెప్పారు, నేను మాత్రం మీకు చెప్పను. మరోసారి మాట పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

కొత్త స్లైడ్ కోసమే ముందుగా డబ్బు కట్టిన స్కూళ్లు, కుటుంబాలు కౌంటర్‌లో రసీదు చూపిస్తే చాలు. మొత్తం అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తారు, ఎవరూ కారణం అడగరు.